మధ్యేవాది ప్రైమరీ గెలవాలంటే ఏం కావాలి? సౌత్ కరోలినా చెప్పే లెక్క

అమెరికా అధ్యక్ష ఎన్నికల సీజన్ మొదలైనప్పుడల్లా మన టీవీ చర్చల్లోనూ, అక్కడ స్థిరపడ్డ మనవాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లోనూ ఒక వాదన తప్పకుండా వస్తుంది. జనంలో ఎక్కువమంది అటు పూర్తిగా లెఫ్టూ కాదు, ఇటు పూర్తిగా రైటూ కాదు, మధ్యలో ఎక్కడో ఉంటారు, అలాంటప్పుడు పార్టీలు కాస్త మధ్యేవాదిని నిలబెడితే నవంబర్‌లో జరిగే అసలు ఎన్నికలో సులువుగా గెలుస్తాయి కదా, మరి ఎందుకు నిలబెట్టవు అని. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ ఆ మనిషి నవంబర్ దాకా వెళ్ళాలంటే ముందు ఫిబ్రవరి, మార్చి నెలల్లో ప్రైమరీలు, అంటే పార్టీ అభ్యర్థి ఎవరో జనమే ఓటేసి తేల్చే ఎన్నికలు, దాటాలి. అక్కడ ఓటేసే జనం వేరు, ఆ ఓట్లను లెక్కగట్టే పద్ధతి వేరు, బరిలో ఉండే మనుషుల సంఖ్య కూడా వేరు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ప్రైమరీలో మధ్యేవాది గెలుస్తాడా లేదా అన్నది అతని విధానాలు ఎంత మధ్యలో ఉన్నాయి అన్న కొలతతో తేలదు. ఎండైనా వానైనా ఆ పార్టీకే ఓటేసే వర్గం ఒకటి ఉంటుంది, ఆ వర్గం ఇతన్ని తమ మనిషి అనుకోవాలి. అనుకుంటే మిగతా తప్పులు చాలావరకు కొట్టుకుపోతాయి. అనుకోకపోతే డబ్బు, డిబేట్లు, పత్రికల పొగడ్తలు ఏవీ కాపాడవు. ఇది అర్థం కావడానికి సౌత్ కరోలినా అనే ఒక్క రాష్ట్రంలో జరిగిన మూడు ప్రైమరీలు చూస్తే చాలు: 2016లో రిపబ్లికన్లది, 2020లో డెమోక్రాట్లది, 2024లో మళ్ళీ రిపబ్లికన్లది.

అంతకుముందు కొంచెం నేపథ్యం కావాలి, ఎందుకంటే ప్రైమరీ అన్నది మన రాజకీయాల్లో లేదు. మన దగ్గర టికెట్ ఎవరికన్నది హైకమాండ్ తేలుస్తుంది, బి-ఫారం చేతికొచ్చే దాకా అభ్యర్థికే నమ్మకం ఉండదు. అమెరికాలో కూడా 1968 దాకా దాదాపు ఇలాగే నడిచింది. ఆ ఏడాది హ్యూబర్ట్ హంఫ్రీ ఒక్క ప్రైమరీలో కూడా పోటీకి దిగకుండానే షికాగో మహాసభలో డెమోక్రటిక్ అభ్యర్థి అయ్యారు, బయట వియత్నాం యుద్ధాన్ని వ్యతిరేకిస్తున్న కుర్రాళ్ళ మీద పోలీసుల లాఠీలు విరుగుతుండగా. ఆ అవమానం తర్వాత పార్టీ ఒక కమిషన్ వేసి, మహాసభకు వెళ్ళి అభ్యర్థిని ఖరారు చేసే ప్రతినిధులను, అంటే డెలిగేట్లను, ఎంచుకునే పని ఓటర్ల చేతికి ఇచ్చింది. ఆ కమిషన్‌కు మొదట అధ్యక్షత వహించిన జార్జ్ మెక్‌గవర్న్ 1972లో తానే పోటీకి దిగి, పార్టీ పెద్దల మద్దతున్న మధ్యేవాది ఎడ్మండ్ మస్కీని దాటుకుని నామినేషన్ గెలిచారు, నవంబర్‌లో 49 రాష్ట్రాల్లో ఓడిపోయారు. మధ్యేవాదిని వదులుకుంటే ఇదే గతి అని డెమోక్రాట్లలో ఇప్పటికీ ఒక వర్గం చెప్పుకునే పాఠం అక్కడ పుట్టింది. 1980ల మొదట్లో పార్టీ నాయకులకు సొంతంగా ఓటుండే సూపర్ డెలిగేట్ల పద్ధతి తెచ్చిందీ ఆ భయంతోనే.

ఇక ఓటేసేది ఎవరు? 2016లో రెండు పార్టీల్లోనూ గట్టి పోటీ నడిచింది, అయినా ప్రైమరీల్లో పాల్గొన్నది అర్హుల్లో 28 శాతం చిల్లర, అదీ రెండు పార్టీలూ కలిపి. అంటే ఒక్కో పార్టీ అభ్యర్థిని తేల్చింది సుమారుగా ఏడుగురిలో ఒకరు. ఆ ఒక్కరు రాజకీయాలు రోజూ పట్టించుకునే మనిషి, పార్టీ మీద అభిమానం ఉన్న మనిషి. దేశం మొత్తం మీద మధ్యలో నిలబడ్డ ఓటరు ఎక్కడున్నాడో, ఒక పార్టీ లోపల మధ్యలో నిలబడ్డ ఓటరు అక్కడ ఉండడు. మన టీవీ చర్చల్లో ఈ తేడాని ఎవరూ పట్టించుకోరు, నాకు అదే బాధ.

దీనికి తోడు రాష్ట్రానికో రూలు. టెక్సాస్, వర్జీనియా, జార్జియాల్లో ఓటరుకు పార్టీ రిజిస్ట్రేషనే ఉండదు, ఫ్రిస్కోలో ఉండే తెలుగాయన ప్రైమరీ రోజున ఏ పార్టీ బ్యాలెట్ కావాలంటే అది అడిగి తీసుకోవచ్చు. పెన్సిల్వేనియాలో అలా కుదరదు, ఫిలడెల్ఫియా శివార్లలో ఉండే ఆయన తమ్ముడు ముందే డెమోక్రాట్‌గానో రిపబ్లికన్‌గానో నమోదై ఉండకపోతే అధ్యక్ష ప్రైమరీలో అతనికి ఓటే లేదు. న్యూజెర్సీలో ఏ పార్టీలోనూ లేనివాళ్ళు ఆ రోజే ఒక పార్టీని ఎంచుకుని ఓటేయొచ్చు. న్యూ హాంప్‌షైర్‌లోనూ ఏ పార్టీకీ చెందనివాళ్ళు ఏదో ఒక ప్రైమరీలో ఓటేయొచ్చు, మధ్యేవాదులంతా అక్కడ ఆశలు పెట్టుకునేది అందుకే. రిజిస్ట్రేషన్ ఫారంలో పార్టీ గడిని ఖాళీగా వదిలేసిన మనవాళ్ళు నాకు చాలామంది తెలుసు. ఎవరి గొడవా వద్దు అన్న జాగ్రత్త అది. కానీ పెన్సిల్వేనియాలా పార్టీలో నమోదైనవాళ్ళకే ఓటుండే క్లోజ్డ్ ప్రైమరీ ఉన్నచోట అలా వదిలేసిన ప్రతి ఒక్కరూ, మధ్యేవాదికి పడే అవకాశం ఉన్న ఒక ఓటును లెక్కలో లేకుండా చేస్తున్నట్టే.

ఇప్పుడు సౌత్ కరోలినా. 2016 ఫిబ్రవరి 20న రిపబ్లికన్ ప్రైమరీ. డొనాల్డ్ ట్రంప్‌కి వచ్చింది 32.5 శాతం. మార్కో రూబియోకి 22.5, టెడ్ క్రూజ్‌కి 22.3, మధ్యేవాదులుగా పేరున్న జెబ్ బుష్‌కీ జాన్ కేసిక్‌కీ చెరి ఏడు ఎనిమిది శాతాల మధ్య. మూడింట రెండొంతుల మంది ట్రంప్‌కి ఓటేయలేదు, కానీ ఆ రాష్ట్రానికి ఉన్న 50 మంది డెలిగేట్లూ ఆయన ఖాతాలోకే వెళ్ళారు. రాష్ట్రంలోనూ, ప్రతి కాంగ్రెషనల్ జిల్లాలోనూ (మన లోక్‌సభ నియోజకవర్గం లాంటిది) ముందున్నవాడికే మొత్తం అన్నది అక్కడి రిపబ్లికన్ రూలు. బుష్ ఆ రాత్రే తప్పుకున్నారు, ఆయన కోసం విడిగా చందాలు వసూలు చేసే సంస్థ, అంటే సూపర్ పాక్, పది కోట్ల డాలర్లకు పైగా పోగు చేసింది, ఏం లాభం. కేసిక్ మాత్రం సొంత రాష్ట్రం ఒహాయో ఒక్కటి గెలిచి మే నెల దాకా బరిలోనే ఉండిపోయారు. ఏప్రిల్‌లో న్యూయార్క్ ప్రైమరీ వచ్చేదాకా ట్రంప్ ఏ రాష్ట్రంలోనూ సగం ఓట్లు దాటలేదు. ఓట్లు చీలితే ఎవరికి లాభమో మన నియోజకవర్గాల్లో పోటీ చూసిన ఎవరికైనా విడిగా చెప్పక్కర్లేదు, రెబల్ అభ్యర్థి నామినేషన్ ఉపసంహరించుకోకపోతే ఏమవుతుందో మనకి బాగా తెలుసు. ఇక్కడ అదే జరిగింది, కాకపోతే ప్రతివాడూ ఎదుటివాడే తప్పుకోవాలని చూస్తూ కూర్చున్నాడు.

నాలుగేళ్ళ తర్వాత డెమోక్రాట్లు అదే గుంటలోకి వెళ్ళబోయి ఆఖరి నిమిషంలో ఆగారు. దీన్ని కాస్త వివరంగా చూడాలి.

2020 డెమోక్రటిక్ పోటీలో ఒక దశలో ఇరవై మందికి పైగా అభ్యర్థులు. లెఫ్ట్ వైపు బెర్నీ శాండర్స్, ఎలిజబెత్ వారెన్. మధ్యేవాదుల వైపు మాజీ ఉపాధ్యక్షుడు జో బైడెన్, ఇండియానాలోని సౌత్ బెండ్ మేయర్‌గా చేసిన 38 ఏళ్ళ పీట్ బూటిజెజ్, మినెసోటా సెనేటర్ ఏమీ క్లోబుచార్, ఆలస్యంగా దిగిన న్యూయార్క్ మాజీ మేయర్ మైఖేల్ బ్లూమ్‌బర్గ్. తేడా ప్రధానంగా ఎక్కడ అంటే, శాండర్స్ ప్రైవేటు ఆరోగ్య బీమా తీసేసి అందరికీ ఒకే ప్రభుత్వ బీమా అన్నారు, బైడెన్ ఒబామా తెచ్చిన ఆరోగ్య బీమా చట్టాన్ని ఉంచి దానికి ప్రభుత్వ బీమా అవకాశాన్ని జోడిస్తానన్నారు. ఒబామా కాలంతో పోలిస్తే బైడెన్ ప్రణాళిక ఎడమకే జరిగింది నిజానికి. మధ్యేవాది అనిపించుకోవడం పక్కన నిలబడ్డవాళ్ళు ఎవరన్న దాన్ని బట్టి కూడా ఉంటుంది.

ఫిబ్రవరి 3న అయోవా కాకస్, అంటే మామూలు పోలింగ్ బదులు పార్టీ సభల్లో చేరి అభ్యర్థిని ఎంచుకునే పద్ధతి. ఫలితాలు పంపాల్సిన యాప్ చెడిపోయి రోజుల తరబడి గందరగోళం. చివరికి తేలిందేంటంటే ఓట్లలో శాండర్స్, రాష్ట్ర డెలిగేట్ల లెక్కలో వెంట్రుకవాసితో బూటిజెజ్, బైడెన్ నాలుగో స్థానం. ఫిబ్రవరి 11న న్యూ హాంప్‌షైర్‌లో శాండర్స్ 25.6 శాతంతో గెలిచారు, బూటిజెజ్‌కి 24.3, క్లోబుచార్‌కి 19.7, బైడెన్‌కి 8.4, ఐదో స్థానం. ముగ్గురు మధ్యేవాదుల ఓట్లు కలిపితే సగం దాటాయి, గెలిచింది మాత్రం పావు వంతు ఓట్లు తెచ్చుకున్న మనిషి. బైడెన్ అక్కడ ఓటింగ్ ముగియకముందే విమానం ఎక్కి సౌత్ కరోలినా వెళ్ళిపోయారు. పత్రికలు ఆయన పని అయిపోయిందని రాసేశాయి. 1988, 2008 పోటీలు కూడా కలుపుకుంటే అప్పటికి ఆయన మూడోసారి అధ్యక్ష పదవికి పోటీ పడుతున్నారు, ఒక్క ప్రైమరీ కూడా గెలిచిన చరిత్ర లేదు.

ఇక్కడ డెమోక్రాట్ల లెక్క ఎలా పనిచేస్తుందో చెప్పాలి. రిపబ్లికన్ల లాగా ముందున్నవాడికే మొత్తం ఇచ్చే పద్ధతి వాళ్ళకి లేదు, ఓట్ల నిష్పత్తిలో డెలిగేట్లు పంచుతారు, కానీ 15 శాతం దాటినవాళ్ళకే. రాష్ట్రం మొత్తానికీ, విడిగా ప్రతి కాంగ్రెషనల్ జిల్లాకీ ఈ గీత వర్తిస్తుంది. ఒక ఉదాహరణ చూడండి: ఒకరికి 35 శాతం, రెండో మనిషికి 25, మిగతా ముగ్గురికి 14, 13, 13 వచ్చాయనుకుందాం. ఆ ముగ్గురికీ సున్నా. మొదటి ఇద్దరే పంచుకుంటారు, 35 శాతం వచ్చినవాడు 58 శాతం డెలిగేట్లు పట్టుకుపోతాడు. నిష్పత్తి పద్ధతి కదా, చీలిక వల్ల నష్టం లేదులే అనుకుంటే పొరపాటు. ఇంకో ముఖ్యమైన సంగతి, ఈ పద్ధతిలో ఒకసారి ఎవరైనా బాగా ముందుకెళ్తే వెనకున్నవాళ్ళు అందుకోవడం చాలా కష్టం, ఎందుకంటే ఆ తర్వాత రాష్ట్రాల్లో గెలిచినా ఓడినవాడికి కూడా వాటా వెళుతూనే ఉంటుంది.

ఆ ఏడాది మొత్తం 3,979 మంది డెలిగేట్లలో 1,991 మంది కావాలి. 2018లో మార్చిన రూలు వల్ల సూపర్ డెలిగేట్లకు గట్టి పోటీ ఉన్న తొలి రౌండులో ఓటు లేదు. ఫిబ్రవరి 19న లాస్ వేగాస్ డిబేట్‌లో, ఎవరికీ సగం రాకపోతే ఎక్కువ డెలిగేట్లున్న మనిషికే నామినేషన్ ఇవ్వాలా అని అడిగితే వేదిక మీద ఒక్క శాండర్స్ మాత్రమే అవునన్నారు. మిగతా ఐదుగురూ పద్ధతి ప్రకారం జరగాలి అన్నారు, అంటే మహాసభ దాకా లాగడానికి అందరూ మానసికంగా సిద్ధపడే ఉన్నారన్నమాట. మూడు రోజులకు నెవాడాలో శాండర్స్ భారీగా గెలిచారు, బైడెన్ చాలా దూరంగా రెండో స్థానం.

ఫిబ్రవరి 26న సౌత్ కరోలినా కాంగ్రెస్ సభ్యుడు, నల్లజాతి నాయకుడు జిమ్ క్లైబర్న్ బైడెన్‌కి మద్దతు ప్రకటించారు. జో మనకి తెలుసు, అంతకంటే ముఖ్యంగా జోకి మనం తెలుసు అని ఆయన అన్న మాట దేశమంతా మోగింది. ఫిబ్రవరి 29న బైడెన్‌కి దాదాపు 49 శాతం, శాండర్స్‌కి 20 లోపు. అక్కడ డెమోక్రటిక్ ప్రైమరీలో ఓటేసేవాళ్ళలో సగానికి పైగా నల్లజాతి వాళ్ళు, వాళ్ళలో స్పష్టమైన మెజారిటీ బైడెన్‌కే వేశారు. క్లైబర్న్ ఒక్క మాటతో జరిగింది ఇది అని చెప్పేవాళ్ళున్నారు, నేను అంత దూరం వెళ్ళను. ఆ మాట కొత్త అభిప్రాయం పుట్టించలేదు. ఉన్న అభిప్రాయానికి ధైర్యం ఇచ్చింది, ఈయన ఇంకా అయిపోలేదు వేయొచ్చు అని.

దక్షిణాది నల్లజాతి ఓటర్లు, ముఖ్యంగా చర్చికి వెళ్ళే పెద్ద వయసు వాళ్ళు, బైడెన్ వైపు ఎందుకు నిలబడ్డారన్నది చాలామంది తప్పుగా చెబుతారు. వాళ్ళేదో పాతకాలం మనుషులు, మార్పు ఇష్టం లేదు అని. నాకు అది అవమానంగానే అనిపిస్తుంది. ఓటు హక్కు కోసమే దెబ్బలు తిన్న తరం అది, 1965 ఓటు హక్కు చట్టానికి ముందు ఎలా ఉండేదో స్వయంగా చూసినవాళ్ళు ఆ వరుసల్లో ఉన్నారు. నవంబర్‌లో ఓడిపోతే ఆ నష్టం ముందుగా తమ ఇంటికే వస్తుందని వాళ్ళకు అనుభవం మీద తెలుసు. కాబట్టి వాళ్ళు వేసుకున్న ప్రశ్న, మిగతా దేశంలో తెల్లవాళ్ళు ఎవరికి ఓటేస్తారు, ట్రంప్‌ని ఎవరు ఓడించగలరు అని. దానికి తోడు తొలి నల్లజాతి అధ్యక్షుడి పక్కన ఎనిమిదేళ్ళు రెండో స్థానంలో గొడవ లేకుండా నిలబడ్డ మనిషి. ఇవి రెండూ కలిస్తేనే ఆ నమ్మకం.

బూటిజెజ్ విధానాల్లో బైడెన్‌కి దగ్గరే, మాటకారితనంలో ఎంతో ముందు, కానీ సౌత్ బెండ్‌లో నల్లజాతి పోలీస్ చీఫ్‌ను పదవి నుంచి తప్పించిన వ్యవహారం నుంచి ఆయన ఎప్పుడూ బయటపడలేకపోయారు, అదే సౌత్ కరోలినాలో పది శాతం కూడా రాలేదు. బ్లూమ్‌బర్గ్ నూరు కోట్ల డాలర్లకు పైగా ఖర్చుపెట్టారు, కానీ న్యూయార్క్ మేయర్‌గా పోలీసులు నల్లజాతి, లాటినో కుర్రాళ్ళను దారిలో ఆపి సోదా చేసిన కాలం ఆయన వెంటే వచ్చింది, లాస్ వేగాస్ డిబేట్‌లో వారెన్ ఆయన్ని నిలబెట్టి కడిగేశారు. ఆ డబ్బుకి గెలిచింది అమెరికన్ సమోవా అనే చిన్న దీవుల భూభాగం ఒక్కటి. ఇద్దరూ మధ్యేవాదులే. మధ్యలో ఉండటం ఒక్కటే సరిపోయేదైతే వీళ్ళకు కూడా సరిపోవాలి.

తర్వాతి మూడు రోజులే ప్రసిద్ధి. మార్చి 1న బూటిజెజ్, 2న క్లోబుచార్ తప్పుకుని, ఆ రాత్రి డల్లాస్‌లో బైడెన్‌కి మద్దతు పలికారు. మార్చి 3 సూపర్ ట్యూస్‌డే, ఒకే రోజు 14 రాష్ట్రాల్లో ప్రైమరీలు, అందులో బైడెన్ 10 గెలిచారు. పెద్దగా ప్రచారమే చేయని మసాచుసెట్స్ కూడా గెలిచారు, అది వారెన్ సొంత రాష్ట్రం, ఆమె మూడో స్థానం. క్లోబుచార్ తప్పుకోవడంతో మినెసోటా వచ్చింది. మర్నాడు బ్లూమ్‌బర్గ్, ఆ మర్నాడు వారెన్ తప్పుకున్నారు, ఏప్రిల్ 8న శాండర్స్.

దీన్ని పార్టీ పెద్దలు కలిసి శాండర్స్‌ని తొక్కేసిన కుట్రగా చెప్పేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. పెద్దలు ఫోన్లు చేసుకోలేదని ఎవరూ అనరు, రాజకీయం అంటేనే అది. కానీ ఓట్లు వేసింది జనం. గెలిచే దారి లేని అభ్యర్థి తప్పుకుని తనకు దగ్గర మనిషికి మద్దతివ్వడం ఎవరి హక్కునీ కాజేయడం కాదు. ఇంకో సంగతి ఆ వాదనలో కనిపించదు: మసాచుసెట్స్‌లో బైడెన్‌కి వచ్చింది 33 శాతం, శాండర్స్, వారెన్ ఇద్దరికీ కలిపి 48. అక్కడ చీలింది లెఫ్ట్ ఓటు. న్యూ హాంప్‌షైర్‌లో శాండర్స్‌ని గెలిపించిన లెక్కే మూడు వారాల తర్వాత ఆయన్ని ఓడించింది. ముప్పై శాతం గట్టి ఓటుతో, ఎదుటివాళ్ళు చీలి ఉంటారన్న ఆశతో నడిపిన ప్రచారం అది, ఎదుటివాళ్ళు కలిసిన రోజున ఆ ముప్పైని పెంచే దారి ఆయన దగ్గర లేదు.

చీలిక లెక్కకీ ఒక హద్దుంది. క్లోబుచార్ తప్పుకుంటే ఆమె ఓట్లన్నీ బైడెన్‌కే వస్తాయని గీత గీసినట్టు చెప్పలేం. 2019లో చాలా సర్వేల్లో బైడెన్ మద్దతుదారులు తమ రెండో ఎంపికగా ఎక్కువగా చెప్పిన పేరు శాండర్స్‌దే! ఓటర్లు విధానాల వరుసలో నిలబడి ఆలోచించరు, పేరు తెలిసిన మనిషి, మన బాగు కోరే మనిషి, గెలిచే మనిషి అన్నవి కలగలిపి చూస్తారు. ఇక కాలిఫోర్నియాలో ముందే పోస్టులో ఓటేసినవాళ్ళు ఎక్కువ కావడంతో, అప్పటికే తప్పుకున్న బూటిజెజ్‌కి నాలుగు శాతానికి పైగా పడ్డాయి. వారెన్, బ్లూమ్‌బర్గ్ ఇద్దరూ రాష్ట్రం మొత్తం మీద 15 శాతం గీత దాటలేదు. శాండర్స్ 36 శాతం ఓట్లతో 415లో 225 మంది డెలిగేట్లను తీసుకున్నారు.

ఇప్పుడు 2024, రిపబ్లికన్ల పోటీ. ఈసారి చీలిక సాకు లేదు. అయోవాలో ట్రంప్ 51 శాతం తెచ్చుకున్నాక రాన్ డిశాంటిస్ తప్పుకున్నారు, అంతకుముందే క్రిస్ క్రిస్టీ తప్పుకున్నారు, మిగిలింది నిక్కీ హేలీ ఒక్కరే. 2016లో ట్రంప్ వ్యతిరేకులు కోరుకున్నది ఇదే కదా, ఒకరికి ఒకరు. న్యూ హాంప్‌షైర్‌లో ఆమెకు 43 శాతం వచ్చింది, పార్టీకి చెందని ఓటర్లు దన్నుగా నిలిచారు. కానీ నమోదైన రిపబ్లికన్లలో నలుగురిలో ముగ్గురు ట్రంప్‌కి వేశారని ఎగ్జిట్ పోల్ చెప్పింది. ఆమె ప్రచారం గురించి ఇంకేమీ తెలియకపోయినా ఆ ఒక్క అంకెతో మిగతా కథ ఊహించొచ్చు. నెవాడాలో ట్రంప్ కాకస్‌లో పోటీ చేశారు, హేలీ విడిగా జరిగిన ప్రైమరీలో ఉన్నారు. ట్రంప్ పేరే లేని ఆ బ్యాలెట్ మీద ఈ అభ్యర్థుల్లో ఎవరూ వద్దు అన్న గడికి ఆమె కంటే రెట్టింపు ఓట్లు పడ్డాయి.

ఫిబ్రవరి 24న సౌత్ కరోలినా. పంజాబీ వలస దంపతుల కూతురు హేలీ పుట్టి పెరిగిన రాష్ట్రం అది, రెండుసార్లు గవర్నర్‌గా గెలిపించిన రాష్ట్రం. 39.5 శాతం, ట్రంప్‌కి 59.8, డెలిగేట్లు 47కి 3. నిజానికి హేలీ పన్నుల్లో, గర్భస్రావం విషయంలో గట్టి కన్సర్వేటివ్, ఆమెను మధ్యేవాది అనడానికి కారణం ట్రంప్ శైలికీ, విదేశాంగ విధానానికీ ఎదురు నిలవడమే. అయినా అక్కడి రిపబ్లికన్ పునాది ఓటర్లకు ఆమె ఇప్పుడు బయటి మనిషి. డెమోక్రాట్లకు ఆ రాష్ట్రంలో ఉన్న పునాది వర్గం జాగ్రత్తపరులు, గెలుపు చూసుకునేవాళ్ళు, కాబట్టి మధ్యేవాదికి అది కోట అయింది. అదే మట్టి మీద రిపబ్లికన్ల పునాది వర్గం ట్రంప్‌తో పూర్తిగా కలిసిపోయింది. ఓట్లు ఒక్కచోటికి చేర్చుకోవడం వల్ల ఓటమి తేడా తగ్గుతుంది కానీ లేని మెజారిటీ పుట్టుకురాదు.

ఆమె వాషింగ్టన్ డీసీ, వెర్మాంట్ గెలిచి మార్చి 6న తప్పుకున్నారు. కాలిఫోర్నియాలో సగం దాటితే మొత్తం డెలిగేట్లూ వాళ్ళకే అన్న రూలుతో 169 మందీ ట్రంప్‌కే వెళ్ళారు. అయితే ఏప్రిల్‌లో పెన్సిల్వేనియా క్లోజ్డ్ ప్రైమరీలో, ఆమె తప్పుకుని నెల దాటిపోయాక కూడా, రిపబ్లికన్‌గా నమోదైనవాళ్ళలోనే దాదాపు 17 శాతం మంది ఆమెకు ఓటేశారు. అలాంటి ఓటరు ఉన్నాడు, పట్టుదలగానే ఉన్నాడు. ఆరుగురిలో ఒకడిగా ఉన్నాడు, అంతే.

రూల్స్ మార్చి మధ్యేవాదిని గెలిపించొచ్చు కదా అని కొందరు అడుగుతారు. దానికి జవాబు 1988లో దొరికింది. దక్షిణాది డెమోక్రటిక్ నాయకులు తమ రాష్ట్రాల ప్రైమరీలను చాలావరకు ఒకే రోజుకు తెచ్చారు, దాంతో దక్షిణాదికి నచ్చే మధ్యేవాది ముందుకొస్తాడని. మార్చి 8న ఏం జరిగిందంటే నల్లజాతి ఓటర్ల బలంతో పౌరహక్కుల నాయకుడు జెస్సీ జాక్సన్ అలబామా, జార్జియా, లూసియానా, మిసిసిపి, వర్జీనియా గెలిచారు, వాళ్ళ లెక్కకు సరిపోయే మధ్యేవాది, టెన్నెసీ మనిషి అల్ గోర్‌కి ఐదు దక్షిణాది రాష్ట్రాలు వచ్చాయి, టెక్సాస్, ఫ్లోరిడాలను మసాచుసెట్స్ గవర్నర్ మైఖేల్ డుకాకిస్ పట్టుకుపోయి చివరికి నామినేషన్ కూడా ఆయనే తీసుకున్నారు. క్యాలెండర్ తయారుచేసినవాళ్ళు తమ పార్టీ ఓటరు ఎవరో చూసుకోలేదు. నాలుగేళ్ళకు బిల్ క్లింటన్ అదే సూపర్ ట్యూస్‌డేతో నిలదొక్కుకున్నారు, అయోవా, న్యూ హాంప్‌షైర్ రెండూ ఓడిపోయి మరీ. ఆయనకు దక్షిణాది తెల్ల ఓటర్లతో పాటు నల్లజాతి ఓటర్లు కూడా కలిసొచ్చారు, గోర్‌కి ఆ నల్లజాతి ఓటర్లు దొరకలేదు.

ఇక 2028. డెమోక్రాట్ల వైపు పెన్సిల్వేనియా గవర్నర్ జోష్ షపీరో, ట్రంప్ సులువుగా గెలిచే కెంటకీలో రెండుసార్లు గవర్నరైన ఆండీ బెషీర్, మళ్ళీ బూటిజెజ్, ఇలా మధ్యేవాద పేర్లు చాలానే వినిపిస్తున్నాయి, అదే మొదటి ప్రమాదం, ఒకే రకం ఓటు కోసం ముగ్గురు నలుగురు. వీళ్ళలో ఎవరి గురించైనా జాతీయ సర్వే వచ్చినప్పుడు నేను పైన కనిపించే మొత్తం అంకె దగ్గర ఆగను, లోపల నల్లజాతి ఓటర్ల వరుస ఎంతుందో వెతుకుతాను. అక్కడ నాలుగైదు శాతం ఉన్న మనిషి అయోవాలోనో న్యూ హాంప్‌షైర్‌లోనో గెలిచినా, 2020 బూటిజెజ్ దారే పట్టే అవకాశం ఎక్కువ. సూటిగా ఎదుటివాడి ముఖం మీదే ట్రంప్‌తో కొట్లాడే మనిషి కావాలన్న కోపం కూడా ఇప్పుడు ఆ పార్టీలో పెరిగింది, 2020లో జాగ్రత్తగా ఓటేసిన వర్గమే ఈసారి గెలిచే మనిషి అంటే కొట్లాడే మనిషి అనుకుంటే మధ్యేవాది ఆ స్వభావం చూపించి తీరాలి, విధానాలు మార్చుకోకపోయినా సరే. 2024లో బైడెన్ కోరిక మీద సౌత్ కరోలినాను మొదటి స్థానానికి తెచ్చిన పార్టీ, 2028కి ఏ రాష్ట్రాన్ని ముందుపెడుతుందన్నది కూడా చూడాలి. ఆ రాష్ట్రం వెనక్కి జరిగితే, బైడెన్‌ని 2020లో బతికించిన ఓటర్లు తమ మాట చెప్పేలోపే కొందరు అభ్యర్థులు డబ్బుల్లేక ఇంటికి వెళ్ళిపోయి ఉంటారు.